నలుపు చెక్కది కాదు.. మసిది!

తాతల నాటి బీరువా, భోషాణం అమ్మేసే ముందు ఒక్కసారి తుడిచి చూడండి
గీకుడు, సోడా, ఎనామిల్ రంగు.. పాత సామానుకు ఈ మూడే ముప్పు

యానాం: పండగ ముందు ఇల్లు దులిపేటప్పుడో, అన్నదమ్ముల పంపకాలప్పుడో, పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేసేటప్పుడో యానాం పాత ఇళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. మూలన నల్లగా మసిబారి, ముట్టుకుంటే చేతికి జిగురంటే ఆ బీరువాను ఏం చేయాలి? భోషాణం, పందిరి మంచం, పొడుగు చేతుల పడక కుర్చీ.. అన్నిటిదీ అదే పరిస్థితి. కొత్త ఇంటి గుమ్మంలో పట్టవు. పిల్లల కళ్లకు ఆనవు. పాత సామాను కొనే మనిషి వీధిలో కేకేయగానే బేరం కుదిరిపోతుంది. సాయంత్రానికి తాతగారి కుర్చీ ఆటో ఎక్కేస్తుంది.

అమ్మడానికి మనసొప్పని వాళ్లది ఇంకో దారి. పనివాణ్ని పిలిచి, మిషన్ పెట్టి గీకించి, పైన తళతళలాడే వార్నిష్ కొట్టిస్తారు. లేదంటే గోడ రంగుకు కలిసేలా ఎనామిల్ పూయిస్తారు. సామాను ఇంట్లోనే ఉంటుంది. ఎనభై, నూరేళ్లుగా దాని మీద నిలిచిన వన్నె మాత్రం ఒక్క పూటలో పొట్టుగా రాలిపోతుంది. పోయింది మళ్లీ రావాలంటే ఇంకో నూరేళ్లు ఆగాల్సిందే.

ఈ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. తుడవడం. ఇంతేనా అనిపించొచ్చు. కానీ పాత చెక్క మీద కనిపించే నలుపులో ఎక్కువ భాగం చెక్కది కాదు. చెక్క మీద పాలిష్, ఆ పాలిష్ మీద పేరుకున్న జిడ్డు, ఆ జిడ్డుకు అంటుకున్న దుమ్మూ మసీ. ఆ పై పొర ఒక్కటి తీస్తే చాలు. దానికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఓడల్లో వచ్చింది.. గోదారిలో తేలి వచ్చింది

గౌతమి ఒడ్డున ముప్ఫై చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతం యానాం. 1954 దాకా ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉంది. పక్కనే కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నాటి ఉప్పెన ఆ రేవును ముంచేసింది. తర్వాత కాకినాడ పెరిగింది. ఈ రేవుల నుంచి రంగూన్‌కు కూలికీ, వ్యాపారానికీ వెళ్లిన తెలుగువాళ్లు ఎంతమందంటే, బర్మాలో వాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది.

ఆ రాకపోకల వల్లే ఈ తీరం ఇళ్లలో ‘బర్మా టేకు’ అనే మాట ఇప్పటికీ గర్వంగా వినిపిస్తుంది. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక ఆ దారి దెబ్బతింది. కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చిన వాళ్లకు ప్రాణాలు దక్కడమే గొప్ప. ఇక సామాను మాటెక్కడిది? అంతకుముందు ఓడల్లో దిగిన దూలాలు, బల్లలు, పెట్టెలే ఆ కాలానికి మిగిలిన గుర్తులు.

అలాగని పాత టేకంతా బర్మాదే కాదు. గోదావరి ఎగువ అడవుల్లో కొట్టిన టేకును తెప్పలుగా కట్టి నదిలో కిందికి దించేవారు. రోజ్‌వుడ్ అని అందరూ పిలిచే ఇరుగుడు చేవతో చేసిన కుర్చీలు, పెట్టెలు కూడా కలిగిన ఇళ్లలో ఉండేవి. పైకి టేకు పలక వేసి, వెనక వైపు మామిడి చెక్కతో సరిపెట్టిన బీరువాలకూ కొదవలేదు. సొరుగు బయటికి లాగి, అడుగున, వెనకాల చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఇప్పుడు ఆ సరుకు కొనబోతే దొరుకుతుందా? బర్మా, అంటే నేటి మయన్మార్, 2014 ఏప్రిల్ నుంచి టేకు దుంగల ఎగుమతి ఆపేసింది. రోజ్‌వుడ్ జాతి కలప విదేశీ వ్యాపారంపై 2017 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. మసిపట్టిన ఆ పాత బల్లలో ఉన్న ముదురు చేవ ఇవాళ ఏ డిపోలో అడిగినా దొరకడం కష్టం. పాత సామాను కొనేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. తెలియంది ఇంటివాళ్లకే.

ఫ్రెంచి పాలిష్‌లో మన లక్కే

పేరు విని ఇదేదో ఫ్రెంచి యానాం సంగతి అనుకునేరు. ఈ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో వాడుకలోకి రావడంతో ఆ పేరు వచ్చింది. అందులోని సరుకు మాత్రం మన దేశపు లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే గూడు నుంచి దీన్ని తీస్తారు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఇప్పటికీ వస్తోంది. లక్క పెంకుల్ని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో చుట్టిన దూది ఉండతో పల్చగా పదే పదే రుద్దితే వచ్చేదే ఆ పాలిష్. మన పనివాళ్లు స్పిరిట్ పాలిష్ అనేదీ ఇదే.

పాత సామాను మీద చాలావరకు ఉండేది ఈ లక్క పాలిషే. దానికి రెండు గుణాలున్నాయి. నీరు నిలిస్తే తెల్లబడుతుంది. స్పిరిట్ తగిలితే కరుగుతుంది. ఈ రెండూ తెలియకపోవడం వల్లే తుడుపు మొదలుపెట్టిన మొదటి గంటలోనే బోలెడు సామాను పాడవుతుంది.

దాని మీద ఏళ్ల తరబడి చేరింది వేరే. దీపం మసి, కట్టెల పొయ్యి పొగ, తలనూనె, చేతి చెమట, పసుపు, కుంకుమ, అగరుబత్తి జిడ్డు. ‘మెరుస్తుందని’ పండగ పండగకీ రాసిన కొబ్బరినూనె అన్నిటికన్నా చేటు. అది చెక్కకు పట్టదు, ఆరదు. బంకలా మారి వీధిలో దుమ్మునంతా పిలిచి కూర్చోబెడుతుంది. కుర్చీ చేతుల చివర, సొరుగు పిడి చుట్టూ, మంచం తలాపి దగ్గర నలుపు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. మనిషి చెయ్యి, తల తగిలే చోట్లు అవి.

ముందు చూపు.. తర్వాతే తడి

గుడ్డ ముంచే ముందు ఒక పూట కేవలం చూడటానికే కేటాయించాలి. వస్తువును గోడకు దూరంగా జరిపి, టార్చి లైటు పక్క నుంచి వేస్తే పగుళ్లు, పైకి లేచిన అతుకులు, పురుగు రంధ్రాలు కనిపిస్తాయి. నాలుగు వైపులా సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. వదులైన పిడి, ఊడిన నగిషీ ముక్క, విరిగిన పుల్ల ఏదీ చెత్తలోకి పోకూడదు. కాగితం కవరులో వేసి ఏ భాగానిదో రాసి పెట్టాలి. అలాంటి ముక్కను కొత్తగా చెక్కించాలంటే అయ్యే ఖర్చుతో బజారులో మామూలు కుర్చీ వస్తుంది.

కిందపడిన పొడి మీద ఒక కన్నేయాలి. రంధ్రాల కింద లేత రంగు పిండిలాంటి పొడి కొత్తగా రాలుతుంటే లోపల పురుగు బతికే ఉన్నట్టు. అనుమానముంటే కాళ్ల కింద నల్ల గుడ్డ పరిచి రెండు వారాలు వదిలేస్తే తేలిపోతుంది. టేకు చేవను పురుగు అంత తేలిగ్గా తినదు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కనూ, వెనక వేసిన మామిడి పలకనూ తింటుంది. ముందు ఆ వస్తువును మిగతా సామానుకు దూరంగా పెట్టి, పురుగు సంగతి తేల్చాకే శుభ్రం చేసే పని.

ఆ తర్వాత పొడి దుమ్ము. గడ్డం గీసుకునే బ్రష్‌లాంటి మెత్తటి కుంచెతో నగిషీ సందుల్లోంచి దులపాలి. చాలామంది దీన్ని దాటేసి నేరుగా తడిగుడ్డ పెడతారు. అప్పుడు దుమ్ము బురదై చెక్కడం సందుల్లోకి దిగిపోతుంది. అందులోని ఇసుక రేణువులు పాలిష్ మీద గీతలు పెడతాయి.

చుక్క స్పిరిట్ చెప్పే నిజం

పైన ఉన్నది ఏ పాలిషో తెలుసుకోవడం చిటికెలో పని. ఎవరికీ కనిపించని చోట, బల్ల అడుగునో, కాలి వెనకో దూది పుల్లతో ఒక చుక్క స్పిరిట్ అద్దాలి. కాసేపట్లో జిగురుగా మారి పుల్లకు గోధుమరంగు అంటితే అది లక్క. స్పిరిట్‌కు చలించకుండా థిన్నర్‌కు మెత్తబడితే తర్వాతి కాలంలో కొట్టిన లాకర్. రెండింటికీ కదలకపోతే నూనె వార్నిషో, ఇప్పటి పాలియూరిథేనో అయి ఉంటుంది. లక్క అని తేలితే ఇక ఆ వస్తువు దగ్గరికి తుడిచే పేరుతో స్పిరిట్ తీసుకురాకూడదు. మసితో పాటు పాలిషూ పోతుంది.

చెయ్యెడు మేర.. వెంటనే పొడిగుడ్డ

అసలు తుడుపు ఇలా. గోరువెచ్చని నీళ్లు చిన్న గిన్నెడు. అందులో ఘాటు లేని గిన్నెల సబ్బు ద్రవం రెండు మూడు చుక్కలు. పాత నూలు గుడ్డ ముంచి, నీటిచుక్క కారకుండా గట్టిగా పిండాలి. చెయ్యెడు మేర మాత్రమే తుడవాలి. వెంటనే మంచినీళ్ల గుడ్డతో ఒకసారి, ఆ వెంటనే పొడిగుడ్డతో ఇంకోసారి. అది ఆరాక పక్క చెయ్యెడు. బకెట్ నీళ్లు, గొట్టంతో కడుగుడు, ఎండలో ఆరబోత.. ఇవేవీ వద్దు.

మొదటి తుడుపుకే గుడ్డ నల్లగా వస్తుంది. నీళ్లు మార్చుతూ ఉండాలి. గుడ్డకు నలుపు బదులు ఎర్ర గోధుమరంగు రావడం మొదలైందంటే మసి అయిపోయింది, పాలిష్ వస్తోంది. అక్కడే ఆపేయాలి. ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో సగం.

సబ్బు నీళ్లకు లొంగని జిడ్డు, పాత మైనం, కొబ్బరినూనె బంక ఉంటే తార్పిన్. రంగుల దుకాణాల్లో దొరుకుతుంది. లక్క తార్పిన్‌కు కరగదు కాబట్టి కింది పాలిష్‌కు భయం లేదు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, పొయ్యి, దీపం ఆర్పి, చేతులకు తొడుగులు వేసుకుని చేయాలి.

ఇంకో మందు వింటే నవ్వొస్తుంది. ఉమ్మి! మ్యూజియాల్లో పాత బొమ్మలు, పటాలు బాగుచేసే నిపుణులు దూది పుల్లను ఉమ్మితో తడిపి మసి తీయడం మామూలే. అందులోని ఎంజైములు జిడ్డును మెల్లగా విడదీస్తాయి. బీరువా అంతటికీ కుదరదు కానీ, నగిషీ పువ్వు మధ్యలో మొండికేసిన చుక్కకు పనిచేస్తుంది.

మసి పోయాక పాలిష్ అక్కడక్కడ మొద్దుబారి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. తేనె మైనం ఒక పాలు, తార్పిన్ రెండు మూడు పాళ్లు కలిపిన ముద్ద పల్చగా రాసి, ఆరాక నూలుగుడ్డతో రుద్దితే నునుపు తేలుతుంది. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. పొయ్యి మంట మీద నేరుగా పెడితే భగ్గుమంటుంది. తార్పిన్‌ను మంట ఆర్పి, పొయ్యికి దూరంగా వచ్చాకే కలపాలి. పాలిష్ బొత్తిగా పోయిన చోట మాత్రం చేయి తిరిగిన స్పిరిట్ పాలిష్ పనివాడు కావాలి. అప్పుడు కూడా పోయిన చోటే వేయించాలి, వస్తువంతటికీ కాదు.

వరద నీళ్లు తాగిన చెక్కకు..

యానాంలో పాత సామానుకు మసి కన్నా పెద్ద గండం గోదారి. 1996 నవంబరు తుపాను, 2022 జులై వరద.. ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడల్లా మొదట తడిసేది బరువెక్కువై అటక ఎక్కించలేని భోషాణాలూ బీరువాలే. నీరు తీశాక వాటిని ఈడ్చుకెళ్లి మండుటెండలో పెడతారు. పాడయ్యేది అక్కడే. పై చెక్క గబగబా ఆరి ముడుచుకుంటుంది, లోపలి చెక్క తడితో ఉబ్బి ఉంటుంది. రాత్రికి పలక ఫెళ్లున పగులుతుంది.

బురద తడిగా ఉండగానే మంచినీళ్ల గుడ్డతో తీసేయాలి. ఎండితే గీకాల్సి వస్తుంది. ఇటుకల మీదికెత్తి, నీడలో, గాలి ఆడే చోట, ఫ్యాను దూరంగా పెట్టి వారాల తరబడి ఆరనివ్వాలి. బిగుసుకున్న సొరుగును లాగి పీకకూడదు. ఆరాక అదే వస్తుంది. బూజు పడితే మాస్కు కట్టుకుని ఆరుబయట దులపాలి. తెల్లబడిన పాలిష్ చాలాసార్లు ఆరేకొద్దీ దానంతటదే తేరుకుంటుంది.

నీళ్లకు అతుకులు ఊడిపోయాయని మేకులు కొట్టించేస్తుంటారు. పాత వడ్రంగులు వాడింది జంతువుల తోలు, ఎముకల నుంచి కాచిన జిగురు. తడికి, వేడికి వదిలేయడం దాని గుణం. అది లోపమేమీ కాదు, మేలే. అతుకు విరక్కుండా విడిపోతుంది, శుభ్రం చేసి మళ్లీ అదే జిగురుతో అతికించొచ్చు. ఇనుప మేకు దిగితే చెక్క చీలుతుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టి చుట్టూ నల్ల మరక పాకుతుంది. తప్పనిసరైతే ఇత్తడి మరలు మేలు.

కుర్చీల పేము అల్లిక సంగతీ ఇంతే. సాగి కిందికి దిగిందని ప్లాస్టిక్ తీగ అల్లించేస్తారు. తెగకుండా సాగిన అల్లికే అయితే కుర్చీని తలకిందులు చేసి, పేముకు అడుగు వైపు నుంచి వేడినీళ్ల గుడ్డ అద్ది, నీడలో ఆరనివ్వాలి. ఆరేటప్పుడు పేము బిగుసుకుంటుంది.

గీకితే పోయేదేమిటి?

కొత్తగా కోసిన టేకు లేత రంగులో ఉంటుంది. గాలి, వెలుతురు తగిలి దశాబ్దాల మీద తేనెరంగుకు, ఆపైన ముదురు గోధుమకు తిరుగుతుంది. ఆ రంగు ఉండేది పైపైనే. మిషన్ పెట్టి గీకితే ఆ పొర పోయి లోపలి పాలిపోయిన చెక్క బయటపడుతుంది. అప్పుడు ‘పాత లుక్కు’ కోసం సీసాలోంచి రంగు పూస్తారు! ఉన్న పాతదనం తీసేసి, లేని పాతదనం డబ్బిచ్చి కొనుక్కోవడమన్నమాట.

రంగొక్కటే కాదు. నగిషీ అంచులు మొద్దుబారతాయి. చేతి బాడిస, చిత్రిక వదిలిన గుర్తులు చెరిగిపోతాయి. పల్చటి పలక అతికించిన విదేశీ సామానైతే పలకే అరిగిపోయి కింది చెక్క తేలుతుంది. పాత రంగు పూసిన వస్తువైతే ఇంకో ప్రమాదం. అప్పటి రంగుల్లో సీసం ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90కి మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పూసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో పసిపిల్లల ఒంట్లోకి పోతుంది.

కారైక్కుడి చెప్పే పాఠం

బర్మా వ్యాపారంతో పెరిగిన ఊళ్లు తమిళనాడులోని చెట్టినాడు ఊళ్లు. అక్కడి మేడలు వారసుల మధ్య చీలి, ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతుంటే, తలుపులు, స్తంభాలు, పెట్టెలు కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధిలోని పాత సామాను దుకాణాలకు చేరాయి. దూరాల నుంచి వచ్చినవాళ్లు కొనుక్కుపోతుంటారు. అమ్ముకోవడం తప్పని కాదు. అవసరాలు అందరికీ ఉంటాయి. మసి చూసి కట్టెల ధరకు ఇచ్చేయడమే నష్టం.

అమ్మాలనుకున్నా ముందు తుడిచి, చెక్క ఏదో తెలిసిన వడ్రంగికి చూపించుకుంటే బేరంలో మాట నిలుస్తుంది. నూరేళ్లు దాటిన కళాకృతులు, చేతిపనితనం ఉన్న వస్తువులు 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. కొనేవాళ్లను ఆ మాట అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఈ దసరాకో, సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు చేయాల్సింది చిన్న పని. బీరువా పక్క పలక మీద, కింది భాగాన, చెయ్యెడు మేర సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో ఒత్తండి. మసి వెనక ఏ రంగు కనబడుతుందో ఇంటిల్లిపాదీ వచ్చి చూడండి. ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇవి మాత్రం చేయకండి

* కాస్టిక్ సోడా, చాకలి సోడా వాడొద్దు. పాలిష్ ఊడటంతో పాటు చెక్క నల్లబడుతుంది, అతుకుల జిగురు పోతుంది.

* చింతపండుతో, నిమ్మకాయతో ఇత్తడి పిడులు చెక్క మీద ఉండగానే తోమొద్దు. విప్పి తోమాలి. విప్పడం కుదరకపోతే చుట్టూ అట్టముక్క అడ్డం పెట్టాలి.

* ఇనుప పీచు, తీగ బ్రష్, గరుకు కాగితం పాలిష్ మీద పెట్టొద్దు.

* కొబ్బరినూనె, ఆవనూనె, కిరోసిన్ మెరుపు కోసం రాయొద్దు.

* అవిసె నూనె వాడిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

* బాగుచేసిన వస్తువును ఎండ పడే కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా కొట్టేచోట, తడి గోడకు ఆనించి పెట్టొద్దు. గోడకూ బీరువాకూ మధ్య జానెడు సందు ఉండాలి.